ఫ్లాట్‌కి రంగులేయించాం, నానమ్మ సంతకం మర్చిపోయాం

ఈ ఎపిసోడ్‌లో గెస్ట్ ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. పోయినేడు మేం మా నాన్న ఫ్లాట్ అమ్మాం. ఆ కథ చెప్తా. మీలో చాలామందికి ఇప్పుడే ఇల్లు అమ్మే పని ఉండకపోవచ్చు. కానీ ఇంట్లో ఆ పని పడిందంటే ఫోన్ పట్టుకుని తిరిగేది మనమే. ఫొటోలు తీయాలన్నా, సైట్లో పెట్టాలన్నా, ఏజెంట్ వాట్సాప్‌కి జవాబివ్వాలన్నా పెద్దవాళ్లు మన మొహమే చూస్తారు. మా ఇంట్లో అదే జరిగింది.

ఫ్లాట్ హైదరాబాద్‌లో, చైతన్యపురి మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం. 1,050 ఎస్‌ఎఫ్‌టీ, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. నాన్న 2004లో కొన్నారు. 2023లో ఆయన పోయారు. హాస్పిటల్ ఖర్చులకి తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా 9 లక్షలు ఉంది, దాని ఈఎంఐ నా జీతంలోంచి పోతుంది. తమ్ముడికి పుణెలో ఉద్యోగం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కిందికి దిగి పైకి ఎక్కితే ఆ రోజంతా మంచం మీదే. అమ్మేద్దాం, లోన్ తీరుద్దాం, అమ్మకి కింద పోర్షన్ ఒకటి చూద్దాం అనుకున్నాం. వీలునామా ఏం లేదు. ఉన్నది ముగ్గురమే కదా, ఏముంది, సంతకాలు పెట్టేస్తే అయిపోతుంది అనుకున్నాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

ముందు ఏజెంట్ల సంగతి. ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి నేను ఒక సైట్లో ఫొటోలు పెట్టా. మధ్యాహ్నం లంచ్ లోపు ఫోన్లు మోగిపోయాయి. కొనేవాళ్లు అనుకున్నారా? అందరూ బ్రోకర్లే. 'మేడమ్, నా దగ్గర పార్టీ రెడీగా ఉంది, తాళం చెవి ఇస్తారా?' ఇదే మాట అందరిదీ. పార్టీ ఎవరు, ఏం చేస్తారు, లోనా సొంత డబ్బా అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు.

ఒకాయన వచ్చి ఇల్లు చూసి '75కి కొట్టిస్తా' అన్నాడు. మాకు భలే సంతోషం. అదే వారం ఇంకొకాయన 58 అన్నాడు. తేడా 17 లక్షలు! తర్వాత అర్థమైంది. 75 అన్నాయన ధర చెప్పింది ఇల్లు అమ్మడానికి కాదు, మా ఇల్లు ఆయన చేతిలో పడటానికి. నెల తర్వాత 'మార్కెట్ డౌన్ ఉంది మేడమ్' అని కిందికి దింపుతాడు. 58 అన్నాయనది వేరే ప్లాన్. 'మీ చేతికి 58 ఇస్తా, పైన ఎంతొచ్చినా నాది, మీకు కమిషన్ ఉండదు' అన్నాడు. వినడానికి బాగానే ఉంది కదా? కానీ అక్కడ ఆయన మన తరఫు మనిషి కాదు. మన దగ్గర తక్కువకి కొని పక్కవాడికి ఎక్కువకి అమ్మే వ్యాపారి. వీళ్లలో కొందరు ఓ 50 వేలు టోకెన్ ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటారు, గడువు ఆరు నెలలు పెట్టిస్తారు, ఆ కాగితం పట్టుకుని ఊరంతా బేరం తిప్పుతారు. ఈలోపు మనం ఇంకెవరికీ అమ్మడానికి లేదు.

మరి అసలు ధర ఎట్లా తెలుస్తుంది? రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ప్రభుత్వ విలువ కనిపిస్తుంది, అది ఎక్కువగా స్టాంపు డ్యూటీ లెక్కకి పనికొస్తుంది. నాకు పనికొచ్చింది మా అపార్ట్‌మెంట్ సెక్రెటరీ అంకుల్. మా బిల్డింగ్‌లో అంతకుముందు ఏడాదిలో రెండు ఫ్లాట్లు అమ్ముడుపోయాయి. ఎంతకి, ఏ ఫేసింగ్, కార్ పార్కింగ్ ఉందా, యూడీఎస్ అంటే మన పేరున వచ్చే భూమి వాటా ఎన్ని గజాలు, అన్నీ ఆయన నోటికి చెప్పారు. దాన్ని బట్టి మాది 60 నుంచి 63 మధ్య అని తేలింది. సెక్రెటరీకి ఒక టీ ఇప్పించండి, ఏ యాప్ చెప్పనిది చెప్తారు.

చివరికి మేం పట్టుకున్నది మా గల్లీ చివర జిరాక్స్ షాపు నడిపే అన్నని. రెరా నంబర్ ఉందా అని అడిగా, నవ్వాడు. 2016 రెరా చట్టం ప్రకారం, రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయించే ఏజెంట్లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మాలాంటి ఇరవై ఏళ్ల పాత ఫ్లాట్ రీసేల్ అందులోకి రాదు. అంటే పాత ఇల్లు అమ్మేటప్పుడు మనకి రక్షణ మనం రాసుకున్న కాగితమే. అందుకని ఒక పేజీ రాసుకున్నాం. కమిషన్ ఒక శాతం, అదీ రిజిస్ట్రేషన్ రోజునే. మూడు నెలలు ఆయనకి అవకాశం, కానీ మేం సొంతంగా పార్టీని తెచ్చుకుంటే కమిషన్ లేదు. ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వం. జిరాక్స్ మీద ఎవరికి, ఎందుకు ఇచ్చామో అడ్డంగా రాసే ఇస్తాం. 'ఇంత రాతకోతలా చెల్లె?' అన్నాడు గానీ సంతకం పెట్టాడు.

ఇంక ఇల్లు రెడీ చేయడం. మొదట వచ్చిన 75 లక్షలాయన కిచెన్ మార్చండి, సీలింగ్ చేయించండి, మా మనిషి ఉన్నాడు, మూడు లక్షల్లో చేస్తాడు అన్నాడు. మేం చెయ్యలేదు. ఇరవై ఏళ్ల ఫ్లాట్‌కి కొత్త కిచెన్ పెడితే కొనేవాళ్లు దానికి డబ్బివ్వరు, వాళ్లకి నచ్చినట్టు మళ్లీ పీకేసుకుంటారు. మేం చేసిందల్లా బాత్రూమ్ గోడలోంచి బెడ్రూమ్‌లోకి దిగుతున్న చెమ్మ ఆపించడం, ఇల్లంతా తెల్ల రంగు, కాలిపోయిన బల్బులు మార్చడం, తలుపుల గడియలు బిగించడం. అన్నీ కలిపి 70 వేల లోపే. చెమ్మ మీద రంగు కొట్టి దాచొచ్చు, పెయింటర్ అదే చెప్పాడు. ఒక్క వానకి మళ్లీ పైకి తేలుతుంది, అదీ అగ్రిమెంట్ అయ్యాక తేలితే గొడవ. ముందు ప్లంబర్, తర్వాతే పెయింటర్. ఫొటోలు పొద్దున ఎనిమిదింటికి కర్టెన్లు తీసి తీయండి. పాయింట్ ఫైవ్ జూమ్‌లో తీస్తే హాలు ఫంక్షన్ హాల్లా వస్తుంది, వచ్చి చూసినవాళ్ల మొహం మాడిపోతుంది.

సామాన్లు తీసేయమన్నారు అందరూ. ఇల్లు ఖాళీగా ఉంటే పెద్దగా కనిపిస్తుంది, అది నిజమే. నాన్న చేతక్ స్కూటర్, పాత బీరువా, అటక మీద సామాన్లు, స్టీలు గిన్నెలు, అన్నీ పాత సామాన్లవాడిని పిలిచి కిలోల లెక్కన ఇచ్చేశా. అమ్మ ఆ రోజు తమ్ముడి దగ్గర పుణెలో ఉంది. ఒక్క పూటలో ఇల్లు ఖాళీ చేసేశానని ఫోన్‌లో గొప్పగా చెప్పా కూడా.

రెండో నెలలో అన్న ఒక జంటని తెచ్చాడు. ఇద్దరూ టీచర్లు. అంతకుముందు ఒకాయన 45కి రిజిస్ట్రేషన్, మిగతాది క్యాష్ అన్నాడు, వద్దన్నాం. స్థలమో ఇల్లో అమ్మేటప్పుడు 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకోకూడదు, తీసుకున్నట్టు తేలితే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. వీళ్లది బ్యాంక్ లోన్, అంతా వైట్. 62 దగ్గర తెగింది. 5 లక్షలు అకౌంట్‌లో అడ్వాన్స్, 90 రోజుల గడువు, అగ్రిమెంట్ రాసుకున్నాం. ఆ రాత్రి అమ్మ చాలా రోజుల తర్వాత హాయిగా పడుకుంది.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వద్దాం. బ్యాంకు వాళ్ల లాయర్ కాగితాలన్నీ చూశారు. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదులు, నాన్న డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అందులో అమ్మ, నేను, తమ్ముడు, ముగ్గురి పేర్లే ఉన్నాయి. అప్లికేషన్‌లో రాసిందీ మేమే కదా. లాయర్ గారు ఒక్క ప్రశ్న వేశారు. 'చనిపోయినాయన తల్లి ఉన్నారా? లేకపోతే ఆవిడ డెత్ సర్టిఫికెట్ పెట్టండి.'

నానమ్మ ఉంది. నకిరేకల్ అవతల ఊళ్లో, చిన్నాన్న దగ్గర. ఎనభై దాటాయి.

హిందూ వారసత్వ చట్టంలో, వీలునామా లేకుండా మగమనిషి పోతే ఆయన సొంత ఆస్తికి మొదటి వరసలో వచ్చేది భార్య, కొడుకులు, కూతుళ్లు, ఇంకా తల్లి. తల్లికీ పిల్లలతో సమానంగా ఒక వాటా. తమాషా ఏంటంటే తండ్రి ఆ మొదటి వరసలో లేడు, తల్లే ఉంది. వేరే మతాల వాళ్లకి లెక్కలు వేరే, అది మీ లాయర్‌ని అడగండి. మా లెక్కలో మాత్రం ఫ్లాట్ మూడు వాటాలు కాదు, నాలుగు. 62 లక్షల్లో తలా 15 లక్షల 50 వేలు. నేను డిగ్రీ చదివా, హెచ్ఆర్‌లో పనిచేస్తా, ఆఫీసులో అందరి నామినీ ఫారాలు నేనే చూస్తా. నాకు ఈ సంగతి తెలియదు.

అన్నకి ఫోన్ చేశా. ఆయన అస్సలు కంగారు పడలేదు. 'ఊళ్లో ఉన్న ముసలావిడ గురించి ఎవరు చూడొస్తారు చెల్లె? లేరని ఒక అఫిడవిట్ రాసేద్దాం. పాత చావు, సర్టిఫికెట్ దొరకలేదని చెప్దాం. ఆవిణ్ని లోపలికి తెస్తే మీ చిన్నాన్న వస్తాడు, మీ మేనత్త వస్తది, పార్టీ పారిపోతది. మళ్లీ ఆర్నెల్లు తిరగాలె.'

ఇక్కడ నేను మంచిదాన్నని చెప్పుకోను. 'చూద్దాంలే అన్నా' అన్నా. వద్దు అనలేదు. రాత్రి తమ్ముడు, నేను గంటసేపు మాట్లాడుకున్నాం. వాడు, 'నానమ్మకి హైదరాబాద్ ఫ్లాట్‌తో ఏం పని అక్కా, తర్వాత మనమే ఏదో ఒకటి ఇద్దాం' అన్నాడు. నేనూ ఊ కొట్టా. ఈఎంఐ కట్ అయ్యే తేదీ నా కళ్ల ముందు తిరుగుతోంది. పక్క గదిలోంచి అమ్మ విన్నది. లేచొచ్చి ఒకటే అన్నది. 'బతికున్న మనిషిని చంపి అమ్ముతారారా ఇల్లు?'

తర్వాత ఒక అడ్వకేట్‌ని ఫీజిచ్చి కలిశాం. దొంగ అఫిడవిట్ క్రిమినల్ కేసు, అది ఒక ఎత్తు. ఇంకోటి, నానమ్మ సంతకం లేకుండా అమ్మితే ఆమె నాలుగో వంతు ఆమెదగ్గరే ఉంటుంది. రేపు ఆమె గానీ, ఆమె తర్వాత చిన్నాన్న, అత్త గానీ కోర్టుకెళ్తే ఆ టీచర్ల ఇల్లు ఇరుక్కుంటుంది. సేల్ డీడ్‌లో, టైటిల్‌లో తేడా వస్తే నష్టం మేమే భరిస్తామని రాసి సంతకం పెడతాం కదా, అప్పుడు వాళ్లొచ్చి పట్టుకునేది మమ్మల్నే. ఏజెంట్‌ని కాదు. ఆ కాగితాల మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు.

ఆదివారం ఎల్బీనగర్‌లో బస్సెక్కి ఊరికి పోయాం, అమ్మ, నేను. చిన్నాన్న అరుగు మీద కూర్చున్నాడు. విషయం చెప్పేసరికి, 'అన్న పోయిన రెండేండ్లకు అమ్మ గుర్తొచ్చిందా? అదీ సంతకానికా?' అన్నాడు. ఏం చెప్పగలను? నిజమే. కర్మకాండల తర్వాత నేను ఆ ఊరు పోయింది ఒక్కసారి. ఈ రెండేళ్లూ నానమ్మ మందులకి ఎవరు తెస్తున్నారో నేను అడిగింది లేదు.

నానమ్మ మాత్రం, 'మీ నాయన ఇల్లు అమ్ముతుండ్రా బిడ్డా?' అని అడిగింది. అప్పు ఎంతుందని అడిగింది. 9 లక్షలని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'నా కొడుకు రోగానికి చేసిన అప్పు నాది గాదా? అది ముందుగాల కట్టుండ్రి. మిగిలింది పంచుకుందాం' అన్నది. చిన్నాన్న ఏదో అనబోతే చేత్తో ఆపింది. అంటే తలా 2 లక్షల 25 వేలు అప్పుకి. ఆమె వాటాలో 13 లక్షల 25 వేలు మిగులుతాయి. నాకెందుకు పైసలు అంటుందేమో అనుకున్నా, నిజం చెప్పాలంటే అనాలని మనసులో ఒక మూల ఉంది కూడా. అనలేదు. 'పోస్టాఫీసుల నా పేరు మీద ఎయ్యుండ్రి' అన్నది.

ఆ తర్వాత పనులు అన్నీ టకటకా అయ్యాయా అంటే, లేదు. అమ్మకం విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టి మన పాన్ మీద కట్టాలి. అమ్మేవాళ్లు నలుగురైనా, ఒక్కొక్కరి వాటా 50 కంటే తక్కువైనా సరే, 2024 అక్టోబర్ నుంచి మొత్తం విలువే చూస్తున్నారు. నానమ్మకి పాన్ లేదు. పాన్ లేకపోతే పట్టేది ఒకటి కాదు, 20 శాతం. ఫోన్లో ఆధార్‌తో వెంటనే వచ్చే ఈ-పాన్ తీద్దామనుకున్నా. ఆమె ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంది, తేదీ లేదు. నడవలేదు. ఫారం నింపి పంపి, వారాలు ఎదురుచూశాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ నానమ్మ పేరుతో మళ్లీ తీసుకున్నాం. గడువు దాటేలా ఉంటే టీచర్లకి ఉన్నదున్నట్టు చెప్పాం. వాళ్లు అగ్రిమెంట్ వెనకాల 45 రోజులు పొడిగిస్తూ రాసిచ్చారు. పార్టీ పారిపోతుందన్నాడు కదా అన్న, పారిపోలేదు. బ్యాంకు లాయర్ అడిగింది వాళ్లకీ తెలుసు. మేం అబద్ధం చెప్తామా అని చూశారంట, తర్వాత మేడమ్ నాతో అన్నారు.

ట్యాక్స్ గురించి ఒక్క ముక్క. వారసత్వంగా వచ్చిన ఇంటికి నాన్న కొన్న ధర, నాన్న కొన్న తేదీయే లెక్క. 2024 జూలై 23కి ముందు కొన్నది కాబట్టి 12.5 శాతం, లేదా ధరల పెరుగుదల కలిపి లెక్కేసి 20 శాతం, ఏది తక్కువైతే అది. నలుగురికీ నాలుగు రిటర్న్‌లు. 2004 నాటి సేల్ డీడ్ ఉండబట్టి సరిపోయింది. సీఏ దగ్గరికి డబ్బు ఖర్చయ్యాక కాదు, ముందే వెళ్లండి.

రిజిస్ట్రేషన్ ముందురోజు నానమ్మని కారులో తెచ్చాం. ఫ్లాట్ చూస్తానన్నది. మూడంతస్తులు, ఒక్కో మలుపు దగ్గర కూర్చుంటూ ఎక్కింది. తెల్ల గోడలు, ఖాళీ హాలు. వంటింట్లోకి పోయి అటక వైపు చూసింది. 'బిందె ఏదే?' అన్నది. నాకు అర్థం కాలేదు. అమ్మ మెల్లగా చెప్పింది. గృహప్రవేశానికి నానమ్మ ఊరి నుంచి తెచ్చిన స్టీలు బిందె, దాని మెడ మీద నాన్న పేరు, తారీఖు చెక్కించింది అట. పాత సామాన్లవాడి తక్కెడలో నేనే వేశా. చూసి కూడా ఉంటా ఆ పేరు. చెప్పేశా. నానమ్మ ఏం అనలేదు, కిటికీ దగ్గర పోయి నిలబడ్డది.

మర్నాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆమె వేలిముద్ర మెషిన్‌లో పడలేదు. మూడుసార్లు పెట్టింది. పొలం పని చేసి చేసి వేళ్లు అరిగిపోయాయి. అక్కడి అబ్బాయి తడిబట్టతో తుడిచి, వేరే వేలు పెట్టిస్తే నాలుగోసారి పడింది. అన్న వచ్చాడు, నానమ్మకి కుర్చీ వేయించాడు, నీళ్లు తెచ్చాడు, లైన్లో మా నంబర్ దగ్గరుండి చూసుకున్నాడు. ఆ అఫిడవిట్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాసుకున్న ప్రకారం ఒక శాతం, 62 వేలు ట్రాన్స్‌ఫర్ చేశా. ఇల్లు అమ్మిపెట్టింది ఆయనే మరి.

లోన్ క్లోజ్ అయింది. నానమ్మ డబ్బు ఆమె చెప్పినట్టే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాం, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. నామినీగా ఎవరి పేరు రాయించిందో నేను అడగలేదు.

మొన్న ఊరికి పోయినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టీలు బిందె కొని, నాన్న పేరు చెక్కించి పట్టుకుపోయా. నానమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. 'పాతదాని మీద ఇంటిపేరు గూడ ఉండె' అన్నది. తర్వాత నల్లా దగ్గరికి తీసుకుపోయి నీళ్లు పట్టుకొచ్చింది.